తిరుగుదారి డబ్బు



మొన్న కార్తీక వనభోజనాల్లో ముగ్గురు తల్లులు నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగారు. "మీ అమ్మాయిని ఒక్కదాన్నే అన్ని దేశాలు ఎలా పంపించారు? ఎంతయింది?" అని. పులిహోర వడ్డిస్తూ చెప్పే కథ కాదది. అందుకే ఇంటికొచ్చి ఇలా రాస్తున్నాను. కొంచెం పొడవుగా ఉంటుంది. ఈ ఏడు డిగ్రీ పూర్తయ్యే పిల్లలున్నవాళ్లు ఓపిగ్గా చదవండి. లెక్కలన్నీ రాశాను, బాగా జరిగినవీ జరగనివీ రెండూ రాశాను.

2024 మే నెలలో మా పెద్దది బీకాం పూర్తి చేసింది. హైదరాబాదులో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామని కాగితం కూడా పంపింది. ఇంట్లో అందరం సంతోషంగా ఉన్న రోజున, రాత్రి భోజనాల దగ్గర, "ఒక సంవత్సరం ఆగి చేరతాను. ఈలోగా నాలుగు దేశాలు తిరిగొస్తాను" అంది. మావారు కంచం ముందు నుంచి లేచిపోయారు. మా అత్తగారు మాత్రం, "ఏటే, రంగం ఎల్లిపోతావేటే?" అన్నారు.

బరంపురం పాత ఇళ్లలో రంగం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రంగూన్‌ని మన పెద్దవాళ్లు రంగం అనేవారు. గోపాల్‌పూర్ మనకు పదహారు కిలోమీటర్లే కదా. ఒకప్పుడు అక్కడి నుంచే రంగూన్‌కి స్టీమర్లు వెళ్లేవి. గంజాం జిల్లా నుంచి, చికాకోలు వైపు నుంచి వేలమంది బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనికి అలాగే వెళ్లారు. గోపాల్‌పూర్ ఒడ్డున మిగిలిన పాత రేవు స్తంభాల దగ్గర మనమంతా ఫోటోలు దిగినవాళ్లమే.

మా అత్తగారి తాతగారు ఆ రేవు నుంచే వెళ్లారట. డెక్కు మీద ప్రయాణం. టికెట్టు డబ్బు మేస్త్రీ పెట్టాడు. ఆ మేస్త్రీ అప్పు తీరేదాకా ప్రతి నెలా జీతంలో కోత. అప్పు తీరబోయే సమయానికి జబ్బు చేసి మళ్లీ అప్పు. ఇక్కడ కన్నతల్లి పోయిందన్న కబురు అందినా రాలేకపోయారు. తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నారు. చివరికి 1942లో జపాన్ వాళ్లు వచ్చిపడ్డాక, అందరితోపాటు కొండల్లో నడుచుకుంటూ ప్రాణాలతో ఇల్లు చేరారు. మా అత్తగారు చిన్నప్పుడు వాళ్ల తాత కాళ్లకున్న మచ్చలు చూశారట. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు.

నేను ఆ రాత్రి పిల్లకు ఏమీ చెప్పలేదు. వద్దనడం తేలిక. కానీ నేను లెక్కల టీచర్ని. "సరే, ఎంత కావాలో లెక్క రాసి చూపించు" అన్నాను.

మర్నాడు ఒక కాగితం తెచ్చింది. ఆరు నెలలు, ఆరు దేశాలు. మలేసియా, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం, ఇండోనేసియా. ఖర్చు లక్షన్నర. ఆరు నెలలకి లక్షన్నర ఎలా సరిపోతుందని అడిగితే, "హాస్టళ్లలో రోజూ నాలుగ్గంటలు పని చేస్తే పడక ఉచితం అమ్మా" అంది. అప్పుడు ఇద్దరం కూర్చుని ఒక్కో దేశం వీసా నిబంధనలు చదివాం. పర్యాటకులుగా లోపలికి వెళ్లినవాళ్లు అక్కడ పని చేయకూడదు. చాలా దేశాల్లో జీతం లేకుండా, పడక కోసం చేసినా అది పని కిందే లెక్క. పట్టుబడితే జరిమానా వేసి వెనక్కి పంపిస్తారు, మళ్లీ రానివ్వరు. మొదటి కాగితం అక్కడితో చించేశాం.

రెండోది ఇంకా భయపెట్టింది. మా బంధువుల అబ్బాయి ఒకడు దీనికి ఫోన్‌లో ఒక ప్రకటన పంపాడు. కంబోడియాలో డేటా ఎంట్రీ, నెలకు డెబ్బై వేలు, టికెట్టు వాళ్లే పెడతారు, తిండీ పడకా ఉచితం. "రెండు నెలలు అక్కడ పని చేసి ఆ డబ్బుతో మిగతా దేశాలు తిరగొచ్చు కదా" అని దీని ఆలోచన. సరిగ్గా ఆ నెలలోనే, 2024 మేలో, విశాఖ పోలీసులు ఇలాంటి ఏజెంట్లను పట్టుకున్నారు. మన పక్క జిల్లాల పిల్లల్ని కంబోడియా పంపించి, అక్కడ గదుల్లో పెట్టి, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని బలవంతంగా చేయించారు. వెనక్కి వస్తామంటే మా మీద పెట్టిన ఖర్చు కట్టి వెళ్లమనేవారు.

ఆ వార్త ఇద్దరం కలిసి చదివాం. చదివాక మా అత్తగారి తాత కథ దానికి మొదటిసారి పూర్తిగా చెప్పాను. ఆయన టికెట్టు మేస్త్రీ కొన్నాడు, ఈ పిల్లల టికెట్టు ఏజెంటు కొన్నాడు. మన టికెట్టు ఎవరు కొంటారో, తిరుగుదారి వాళ్ల చేతిలోకి వెళ్తుంది. అది విని పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే పెన్ను తీసి కాగితం మీద మూడు నియమాలు రాసింది.

ఒకటి, వెళ్లే డబ్బు నేనే సంపాదిస్తాను. రెండు, తిరిగొచ్చే టికెట్టు కొన్నాకే బయలుదేరతాను. మూడు, జబ్బుకీ ఆపదకీ విడిగా పెట్టిన డబ్బు మామూలు రోజుల్లో ముట్టుకోను.

ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది.

హైదరాబాదు కంపెనీకి చేరలేనని ఉత్తరం రాసింది. ఏడాది ఆగగలరా అని అడిగితే కుదరదన్నారు. ఇది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ఏడాదికి ఖర్చంటే ప్రయాణం ఖర్చొక్కటే కాదు, వదులుకున్న జీతం కూడా. మావారి కోపమంతా అక్కడే. "మనం ఫీజులు కట్టింది ఇందుకా?" అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. నా దగ్గర జవాబూ లేదు.

జూన్ నుంచి డిసెంబరు దాకా ఊళ్లోనే ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనికి కుదిరింది. నెలకు 13,000. సాయంత్రం అకౌంట్స్ ట్యూషన్లు చెప్తే ఇంకో 6,000. ఏడు నెలల్లో 1,33,000 వచ్చింది. ఖర్చులు పోను 1,16,000 మిగిల్చింది. ఆ ఏడు నెలలూ అది ఒక్క కొత్త బట్ట కొనుక్కోలేదు. పక్కింటి ఒడియా మావుసీ అయితే దసరాకి జాలిపడి చీర పెట్టింది.

ఇక లెక్క. ఆరు దేశాలు మూడయ్యాయి, ఆరు నెలలు అరవై రోజులయ్యాయి. కంబోడియా వద్దని నేనే పట్టుబట్టాను. అక్కడి గుళ్లు చూడాలని దానికి చాలా ఉండేది. పర్యాటకులు లక్షలమంది క్షేమంగా వెళ్లొస్తారు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఆ సంవత్సరం నా వల్ల కాలేదు.

పాస్‌పోర్టు, మామూలు 36 పేజీలది 1,500. విశాఖ నుంచి కౌలాలంపూర్ విమానం 9,500. బ్యాంకాక్ నుంచి హనోయి 6,000. హోచిమిన్ సిటీ నుంచి కలకత్తా 11,500. వియత్నాం ఈ-వీసా 25 డాలర్లు, మన డబ్బులో 2,100. ప్రయాణ బీమా 4,500. బ్యాగు, బూట్లు, మందులు, టీకాలు 5,900. ఇదంతా కలిపి 41,000. ఆపైన రోజుకి 1,500 చొప్పున అరవై రోజులకి 90,000. ముట్టుకోకూడని డబ్బు 25,000. మొత్తం 1,56,000. దాని దగ్గర ఉన్నది 1,16,000. తక్కువపడిన 40,000 నేనిచ్చాను, ఊరికే కాదు, అప్పుగా. కాగితం రాయించుకున్నాను. మా అత్తగారు సాక్షి సంతకం పెట్టారు.

ఈ మూడు దేశాలే ఎందుకంటే, ఆ సమయానికి మన పాస్‌పోర్టుతో మలేసియాకి 30 రోజులు, థాయిలాండ్‌కి 60 రోజులు వీసా అక్కర్లేదు. వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి మీరు బయలుదేరే నెలలో ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలోనే చూసుకోండి. అచ్చం ప్రభుత్వానివిలాగే కనిపించే నకిలీ సైట్లు ఎక్కువ డబ్బు గుంజుతాయి. మలేసియాకీ, 2025 మే నుంచి థాయిలాండ్‌కీ వెళ్లేముందు ఆన్‌లైన్‌లో ఒక రాక పత్రం నింపాలి. దానికి రుసుము లేదు, ఎవరైనా డబ్బు అడిగితే అది నకిలీ అని అర్థం. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

2025 జనవరి 18న, సంక్రాంతి అయిన నాలుగో రోజున, విశాఖలో విమానం ఎక్కించాం. మావారు రాలేదు. ఇమ్మిగ్రేషన్ దగ్గర దీన్ని ఆపి చాలా ప్రశ్నలు వేశారట. ఒంటరిగా ఎందుకు, డబ్బెవరిచ్చారు, అక్కడ ఎవరున్నారు, ఉద్యోగం చూపిస్తామని ఎవరైనా చెప్పారా అని. మోసపోయే పిల్లల్ని ఆపడానికే అలా అడుగుతారు. మనది ఫైలు సిద్ధంగా ఉంది. తిరుగు టికెట్టు, మొదటి నాలుగు రాత్రుల బస కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు, బీమా, రోజువారీ ప్రయాణం రాసిన కాగితం. అన్నీ చూసి, "జాగ్రత్తమ్మా" అని పంపించారట.

మలేసియాలో పదిహేను రోజులు. రోజుకి 1,500 అనుకుంటే అక్కడ 1,800 అయింది. పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో వైపు తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని విని బస్సులు మారి వెళ్లింది. అక్కడ కొబ్బరితోటల మధ్య ఒక ముసలావిడ దీన్ని, "మీదే ఊరమ్మా?" అని అడిగిందట. బరంపురం అంటే, ఆవిడ చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లి అన్నం పెట్టింది. ఆవిడ తాతలు చికాకోలు జిల్లా నుంచి తోటల పనికి వచ్చారట. ఆ రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, ఆవిడ మాట అచ్చం నానమ్మ మాటే. నా తెలుగులోనే సగం ఇంగ్లీషు, ఒడియా ఉన్నాయి" అంది. మా అత్తగారు ఫోన్ లాక్కుని, "వాళ్లు మళ్లీ ఈ పక్కకి వచ్చారా?" అని అడిగారు. రాలేదని చెప్పింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

సరిహద్దు రైల్లోనే దాటింది. పాదాంగ్ బెసార్ అనే స్టేషన్లో రెండు దేశాల ముద్రలూ ఒకేచోట వేస్తారు. అక్కడి నుంచి హత్ యాయ్, హత్ యాయ్ నుంచి రాత్రి రైల్లో బ్యాంకాక్. రాత్రి ప్రయాణం చేస్తే ఆ రాత్రి గది అద్దె మిగులుతుంది. థాయిలాండ్‌లో ఏటీఎం వాడితే ప్రతిసారీ రెండొందల బాట్ల పైనే రుసుము పోతుంది. అందుకే చిన్న చిన్న మొత్తాలు తీయకుండా ఒకేసారి తీసుకుంది. కార్డు గీసినప్పుడు రూపాయల్లో తీసుకోమంటారా అని మిషన్ అడుగుతుంది. వద్దని, ఆ దేశం డబ్బులోనే కట్టాలి. లేకపోతే మారకంలో నష్టపోతాం. కార్డులు రెండుంటే రెండుచోట్ల దాచాలి.

వియత్నాంలో ఖర్చు తగ్గింది, రోజుకి 1,200 లోపే. హనోయి నుంచి హోచిమిన్ సిటీకి 1,726 కిలోమీటర్ల రైలు దారి. ఆ దారి మధ్యలో, హువేలో, జ్వరం వచ్చింది.

మూడు రోజులు 103 డిగ్రీలు. నాకు చెప్పలేదు. నాలుగో రోజు హాస్టల్లో ఉన్న ఒక పోలెండ్ అమ్మాయి ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి నుంచి నాకు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు. బీమా ఉన్నా చాలాసార్లు ముందు మనం కట్టి, తర్వాత బిల్లులు పంపి తిరిగి తీసుకోవాల్సి వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. మన లెక్కలో ముట్టుకోని 25,000 ఉంది కదా, అందులోంచి 19,400 కట్టింది. ఆ డబ్బు లేకపోతే ఆ రాత్రి నేనిక్కడ ఎవరి తలుపు కొట్టేదాన్నో నాకు తెలియదు.

నేను ఏడుస్తూ కూర్చున్నాను. అప్పుడు మావారు అలమారలోంచి తన పాత జేబు డైరీ తీసి నా ముందు పెట్టారు. అందులో కౌలాలంపూర్, బ్యాంకాక్, హనోయిలలోని మన రాయబార కార్యాలయాల అత్యవసర నంబర్లు, బీమా కంపెనీ నంబరు, పాలసీ నంబరు, పిల్ల పాస్‌పోర్టు నంబరు, రోజుకొకటి చొప్పున అది ఉన్న ఊరి పేరు, అన్నీ తేదీల వారీగా రాసి ఉన్నాయి. జనవరి 18 నుంచి ఒక్క రోజు కూడా తప్పలేదు. నాతో మాట్లాడకపోయినా, పిల్ల నాకు ఫోన్ చేసినప్పుడల్లా పక్క గదిలోంచి విని రాసుకున్నారన్నమాట. ఆ రాత్రి బీమా కంపెనీకి ఫోన్ చేసింది ఆయనే. డెంగ్యూ కాదని తేలింది. ఐదు రోజుల్లో లేచి తిరిగింది.

మార్చి రెండో వారంలో టీవీలో వార్త వచ్చింది. మయన్మార్ మోసపు కేంద్రాల నుంచి బయటపడిన 283 మంది మనవాళ్లను థాయిలాండ్‌లోని మే సోట్ నుంచి వైమానిక దళం విమానంలో తీసుకొచ్చారని. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ముగ్గురం మాట్లాడకుండా చూశాం. వాళ్లూ మన పిల్లల వయసువాళ్లే, వాళ్లూ లోకం చూడాలనే వెళ్లి ఉంటారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. మొదటి టికెట్టు కొనుక్కునే డబ్బు లేక ఇంకొకళ్లు కొంటే వెళ్లారు.

మార్చి 18న అది కలకత్తాలో దిగింది. మర్నాడు బరంపురం స్టేషన్‌కి మావారే వెళ్లి తీసుకొచ్చారు. మూడు కిలోలు తగ్గింది, నల్లబడింది. బీమా వాళ్లు బిల్లులన్నీ అడిగి, 15,800 తిరిగి ఇచ్చారు. బిల్లు అసలు కాగితాలు, డాక్టరు రాసిన చీటీలు దాచబట్టే ఆ మాత్రమైనా వచ్చింది.

తర్వాత అంతా బాగా జరిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. మార్చి నుంచి ఆగస్టు దాకా ఉద్యోగం లేదు. ప్రతి ఇంటర్వ్యూలోనూ, "ఈ ఏడాది ఏం చేశావు?" అని అడిగేవారు. చుట్టాలు, "మేం అప్పుడే చెప్పాం" అన్నారు. నేనూ కొన్ని రాత్రులు తప్పు చేశానా అనుకున్నాను. చివరికి ఆగస్టులో భువనేశ్వర్‌లో ఒక ఉద్యోగం దొరికింది. మొదట వదులుకున్నదానికన్నా జీతం నెలకి వెయ్యి తక్కువ. సెప్టెంబరు నుంచి నా అప్పు నెలకి 4,000 చొప్పున తీరుస్తోంది. నేను వద్దనడం లేదు.

ఇంకో మాట. చూసి రావడమే కాకుండా సంపాదించుకుంటూ ఉండాలనుకునే పిల్లలకు చట్టబద్ధమైన దారులు రెండున్నాయి. బ్రిటన్ వాళ్ల యువ వృత్తినిపుణుల పథకంలో ఏడాదికి 3,000 మంది భారతీయులకు అవకాశం. 18 నుంచి 30 ఏళ్ల వయసు, డిగ్రీ, ఖాతాలో 2,530 పౌండ్లు ఉండాలి. రెండేళ్లు ఉండి పనిచేయొచ్చు. లాటరీలో పేరు వేయడానికి రుసుము లేదు. అయితే పేరు వచ్చాక వీసా రుసుముతోపాటు ఆరోగ్య రుసుము ఏడాదికి 776 పౌండ్లు కట్టాలి. ఆస్ట్రేలియా వాళ్లు 2024 నుంచి ఏడాదికి 1,000 మందిని అలాగే లాటరీ తీస్తున్నారు, పన్నెండు నెలలకి. దానికి పేరు వేయడానికి 25 ఆస్ట్రేలియా డాలర్లు. ఈ లాటరీలో పేరు తెప్పిస్తామని ఎవరైనా ఏజెంటు చెప్తే నమ్మకండి. అది ఎవరి చేతిలోనూ ఉండదు.

పిల్లల్ని పంపండి అని నేను చెప్పను. ఎవరి ఇంటి పరిస్థితి వాళ్లది. కానీ వెళ్తామన్న పిల్ల ముందు తలుపు వేసేయకండి. ఇంట్లో మాట వినకపోతే బయట ఏజెంటు మాట వింటారు. ఒక కాగితం, పెన్ను తీసుకుని పక్కన కూర్చోండి. తిరిగొచ్చే టికెట్టు, ఆపదకి డబ్బు, చేతిలో పాస్‌పోర్టు, ఈ మూడూ తనవే అయ్యేదాకా ఆగమనండి. ఆగలేని పిల్లలు అక్కడే తెలిసిపోతారు. ఆగినవాళ్లు వెళ్లొస్తారు.

మొన్న ఆదివారం పిల్ల భువనేశ్వర్ నుంచి వచ్చినప్పుడు అందరం గోపాల్‌పూర్ వెళ్లాం. మా అత్తగారు ఎనభై రెండేళ్ల వయసులో ఇసుకలో నడిచి, ఆ రేవు స్తంభాల దగ్గర నిలబడి, "మా తాత ఇక్కడే ఎక్కాడు" అన్నారు. ఇన్నేళ్లలో ఆవిడ అక్కడికి రావడం అదే మొదటిసారి. కాసేపాగి మనవరాలితో, "ఈసారి ఆ గుళ్లున్న దేశం కూడా చూసిరా. నీ డబ్బుతోనే" అన్నారు.

ఎవరికైనా మా లెక్కల కాగితం కావాలంటే సంఘం హాలుకి వచ్చినప్పుడు అడగండి, నకలు ఇస్తాను. మావారి డైరీ మాత్రం ఇవ్వను.